నోట్లో పిన్నులు

ఫోను కిచ్‌మన్నప్పుడు కాజాలమ్మ ఒక కోటుకి కాజా కుడుతోంది. కాజా మధ్యలో ఆపితే కుట్టు బిగువు మారుతుంది. మారిన చోటు కోటు వేసుకునే మనిషికి కనిపించకపోయినా తనకి కనిపిస్తూనే ఉంటుంది. అందుకని లేవలేదు. మళ్ళీ కిచ్‌మంది. అప్పు ఇస్తామనో, ఇంకేదో అమ్ముతామనో వచ్చిన కబురే అయ్యుంటుందిలే అనుకుని దారం లాగింది. మూడోసారి కూడా మోగాక కత్తిరింపుల బల్ల దగ్గర్నుంచి టేపాయన, అంతగా పిలుస్తుంటే ఒకసారి పలకరాదా అన్నాడు.

ఆ వీధిలో వాళ్ళకి ఈ దర్జీ అసలు పేరుతో ఎప్పుడూ పని పడలేదు. స్నానానికి తప్ప మెడలోంచి టేపు తియ్యడు గనుక ఆయన టేపాయన. మిషను మీద కాకుండా చేత్తో కాజాలు కుట్టే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు గనుక ఆయన భార్య కాజాలమ్మ. ఆ పేర్లకి పలికీ పలికీ వాళ్ళకీ అలవాటైపోయింది.

ఆవిడ సూదిని కోటు అంచుకి గుచ్చి, ఫోను తీసి, చేతిని బారుగా చాపి చదివింది. మీ ఖాతాలోంచి డబ్బు తీశారు. మళ్ళీ తీశారు. మళ్ళీ తీశారు. చివరి కబురులో ఇంకా ఎంత మిగిలిందో కూడా ఉంది. ఆ మిగిలింది ఈ కోటు గుండీలకి కూడా రాదు.

టేపాయన నవ్వాడు. చొక్కా లోపలి జేబు గుండీ విప్పి కార్డు బయటికి తీశాడు. ఆ జేబు ఆయనే కుట్టుకున్నాడు, దొంగ చెయ్యి దూరకూడదని పైన మడత, మడత కింద గుండీ.

"కార్డు ఇక్కడుంటే డబ్బు ఎక్కడికి పోతుందే?" అన్నాడు.

"ఎందుకైనా మంచిది, బ్యాంకుకి ఫోన్ చెయ్యండి."

కార్డు వెనక ఉన్న నంబరుకి చేశాడు. ఫోనులో ఒక గొంతు దీనికైతే ఒకటి నొక్కండి, దానికైతే రెండు నొక్కండి అని చెప్పుకుంటూ పోతోంది. టేపాయన "మూడు" అని పైకి అని మూడు నొక్కాడు. "ఒకటి" అని పైకి అని ఒకటి నొక్కాడు. వీధిలో పోయే మనిషి ఒకడు తననే పిలిచారేమోనని ఆగి చూసి వెళ్ళాడు. అంకె ఏదైనా నోటితో అనందే ఆయన వేలు కదలదు. చేతులు రెండూ టేపు మీద ఉంటాయి కాబట్టి ఆయన కొలిచి పైకి చదవడం, కాజాలమ్మ రాసుకోవడం, పెళ్ళయిన కొత్తలో మొదలైన పద్ధతి అది. చేతిలో టేపు లేకపోయినా ఆ నోరు ఆగదు.

తల ప్రాణం తోకకొచ్చాక ఒక మనిషి పలికాడు. కార్డు ఆపేశామన్నాడు. పోయిన డబ్బు సంగతి మాత్రం మీ బ్రాంచికే వెళ్ళి రాసివ్వాలన్నాడు. డబ్బు నిజంగానే పోయిందా అని టేపాయన అడిగాడు. పోయిందండీ అన్నాడు అవతలి మనిషి, మర్యాదగానే.

టేపాయన కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా కాలితో తొక్కే పాత మిషను ఉంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంక తొక్కడం మానెయ్యమని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కరెంటు మిషను శనివారం దింపుతామన్నారు. దింపగానే ఇవ్వడానికి కూడబెట్టిన డబ్బు అది. ఆ పాత మిషను వైపు చూడకుండా ఉండటానికి ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికల్లా బ్యాంకులో ఉన్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి చెడ్డదేమీ కాదు. ముక్కు చీదుకుంటూనే ముందు వరసలో ముసలాయనకి ఓపిగ్గా ఏదో చెబుతోంది. వీళ్ళ వంతు వచ్చాక కంప్యూటర్లో చూసి, ఇక్కడికి చాలా దూరంలో ఉన్న ఏటీఎం మిషన్లలోంచి తీశారంది. మరి ఈ కార్డు నా జేబులో ఉంటే ఎలా తీశారమ్మా అని టేపాయన అడిగాడు. కార్డుకి నకలు చెయ్యొచ్చంకుల్, అయితే నకలు ఒక్కటే ఉంటే సరిపోదు, పిన్ను నంబరు కూడా తెలియాలి, తీసినవాళ్ళు సరైన పిన్ను కొట్టారు, ఒక్కసారి కూడా తప్పు కొట్టలేదు అంది.

"మీ పిన్ను ఎవరికైనా చెప్పారా?"

"చచ్చినా చెప్పను. మా ఆవిడక్కూడా తెలీదు."

అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. బ్యాంకు వాళ్ళు ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పొద్దన్నారు, తను చెప్పలేదు, ఇచ్చిన మాట మీద నిలబడ్డ మనిషి గర్వం. ఆ అమ్మాయి కళ్ళు ఆయన్ని దాటి కాజాలమ్మ మీదికి వచ్చాయి. ఆవిడ చీర మీద అంటిన దారప్పోగు ఏరుకుంటోంది.

"మామూలుగా ఇలాంటివి ఇంట్లో వాళ్ళే చేస్తుంటారు అంకుల్. తీసేశాక భయపడి చెప్పరు. మీరు ఒకసారి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి."

టేపాయన ఒంటికాలి మీద లేచాడు. ఆ లేవడంలో మోకాలు పట్టేసి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది కానీ మాట తగ్గించలేదు. ఈ మనిషి షాపు గల్లాపెట్టెలోంచి చిల్లర తీసుకోవాలన్నా నన్నడిగి తీసుకుంటుంది, మీ బ్యాంకు మొత్తం తెచ్చి ఒళ్ళో పోసినా లెక్కపెట్టి తిరిగిచ్చేస్తుంది, తెలుసా అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా కాజాలమ్మని చూశారు. ఆవిడకి దారప్పోగులు అయిపోయాయి, ఏరడానికి ఇంకేమీ దొరకలేదు.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. విచారణ చేసే ఆయన గురువారం ఫోన్ చేస్తారు, ఇద్దరితోనూ మాట్లాడతారు, ఆ మాటలు రికార్డు చేస్తారు అని చెప్పి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది.

తిరిగొచ్చేటప్పుడు టేపాయన దారంతా ఆ అమ్మాయిని తిడుతూనే ఉన్నాడు. కాజాలమ్మ ఊఁ కొడుతూ నడుస్తోంది. అసలు సంగతేమిటంటే, ఆవిడకి పిన్ను తెలుసు.

కార్డు వచ్చిన కొత్తలోనే తెలిసింది. టేపాయనకి కార్డు వాడే చోటు ఒకే ఒక్కటి, గుండీలూ దారాలూ జిప్పులూ అమ్మే షాపు. మొదటిసారి అక్కడ మిషను ముందుకు తోసి పిన్ను కొట్టమన్నారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని, నలుగురూ చూడకుండా ఒళ్ళంతా దాని మీదికి వంచి, గంట కొట్టినట్టు పైకి చదివాడు: ముప్ఫై రెండు, ఇరవై ఆరు. ఆవిడ గుండీల పెట్టెలో పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయింది.

ఆ అంకెలు ఆవిడకి తెలుసు. టెలిఫోను ఆఫీసులో మొదటి ఉద్యోగంలో చేరే ముందు టేపాయన వాళ్ళ షాపుకి ఒక జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. అప్పుడు మెడలో టేపుతో నిలబడ్డ కుర్రాడు కొలిచి, లోపల కూర్చున్న వాళ్ళ నాన్నకి వినబడేలా చదివాడు. ఛాతీ ముప్ఫై రెండు, నడుము ఇరవై ఆరు. ఎక్కడో తప్పు పడిందని మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అవే వచ్చాయి.

ఆ రోజే, గుండీల షాపులోనే, ఏమండీ, పైకి అనకండి అని ఉండాల్సింది. అనలేదు. ఇంటికొచ్చాక చెబుదామనుకుంది, చెప్పలేదు. తర్వాత ఆ షాపుకి వెళ్ళాల్సిన రోజున కాస్త మంచి చీర కట్టుకోవడం మొదలుపెట్టింది. డబ్బు కట్టే చోట ఆయనకి దగ్గరగా నిలబడేది. ఈ మనిషి ఏ పండక్కీ పబ్బానికీ ఒక్క ముద్దుమాట అన్నవాడు కాదు. బాగుందా అని అడిగితే, భుజం దగ్గర కాస్త లూజు అంటాడు. అలాంటిది గుండీలు కొన్నప్పుడల్లా నలుగురిలో నిలబడి ఆ రెండు అంకెలూ చదువుతుంటే, ఆవిడ ఎలా వద్దంటుంది?

ఇప్పుడు డబ్బు పోయింది. తన చెవుల సరదా కోసం ఆయన మోకాళ్ళని అమ్మేసినట్టయింది.

బుధవారమంతా షాపుకి వచ్చినవాళ్ళకి వచ్చినట్టు టేపాయన కథ చెప్పాడు. ప్యాంటు పొడుగు తగ్గించడానికి వచ్చినాయన పోలీసులకి చెప్పమన్నాడు. యూనిఫాముల కోసం వచ్చిన టీచరు, బ్యాంకు ఒకసారి ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ వెనక్కి తీసుకుంటుందని, తమ అన్నయ్యకి అలాగే జరిగిందని చెప్పి ఉన్న కాస్త ధైర్యం కూడా పట్టుకుపోయింది. వాళ్ళు వెళ్ళాక ఆయన మిషను ముందు కూర్చుని తొక్కాడు. కాస్త తొక్కడం, ఆగడం, మోకాలు రాసుకోవడం. ఆ ఆగినప్పుడల్లా వచ్చే నిశ్శబ్దం కాజాలమ్మకి తెలుస్తోంది. ఆవిడ ఆ రోజు ఒక కాజాని తప్పు చోట కుట్టింది, విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

అన్నాలు తినేటప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచింది. ఈలోగా ఆయనే అందుకున్నాడు.

"డబ్బు పోతే పోయింది, మళ్ళీ కుట్టుకుంటాం. నిన్నంత మాటన్నారు చూడు, అదే నాకు మింగుడు పడటం లేదు. రేపు ఆయన అడిగితే తెలీదని గట్టిగా చెప్పు. మెల్లగా చెబితే అనుమానిస్తారు."

ఆవిడ తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకుంది.

గురువారం పొద్దున్నే ఆయన ఫోనుని కత్తిరింపుల బల్ల మీద, సుద్దముక్కల పక్కన పెట్టి, దాని చుట్టూ ఉన్న గుడ్డపేలికలు కూడా తీసేశాడు. ఎవరో పెద్దమనిషి వచ్చి కూర్చోబోతున్నట్టు. ఫోను మోగాక ఇద్దరికీ వినబడేలా పెట్టాడు. అవతలి గొంతుకి జలుబు చేసినట్టుంది కానీ నెమ్మదైన గొంతు. ఈ మాటలు రికార్డవుతున్నాయని ముందే చెప్పి, ఒక్కొక్కటే అడిగాడు. కార్డు ఎప్పుడైనా పోయిందా, ఎవరికైనా ఇచ్చారా, ఆ రోజు ఎక్కడున్నారు. టేపాయన మిలిటరీవాడిలా నిలబడి సమాధానాలు చెప్పాడు.

"పిన్ను ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"ఇంట్లో ఎవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదండీ. మా ఆవిడక్కూడా."

ఒకసారి ఆవిడతో మాట్లాడాలన్నాడు ఆయన. టేపాయన ఫోనుని భార్య వైపు జరిపి, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లకి ధైర్యం చెప్పినట్టు తలాడించాడు.

"అమ్మా, మీవారి పిన్ను మీకు తెలుసా?"

తెలీదు అంటే చాలు. ఒక్క మాట. అది గట్టిగా అనేస్తే డబ్బు వస్తుందేమో, శనివారం మిషను దిగుతుందేమో. తెలుసంటే ఆ అమ్మాయి అన్నదే నిజమనుకుంటారు, ఉన్న ఆశ కూడా పోతుంది. కాజాలమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. బ్యాంకులో అంతమంది ముందు ఈ మనిషి తన నిజాయితీ మీద ప్రమాణం చేసినట్టు మాట్లాడాడు. ఆ మాటని ఇప్పుడు అబద్ధం చెయ్యడం ఆవిడకి చేతకాలేదు.

"తెలుసండీ" అంది.

టేపాయన తలాడించడం ఆగిపోయింది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఈయనే. చెప్పినట్టు ఈయనకి తెలీదు. నంబరు నొక్కేటప్పుడు పైకి అంటారు. కొలతలు చదివే అలవాటండీ."

అవతలి మనిషి, ఆ నంబరు మాత్రం ఇప్పుడు చెప్పకండమ్మా, రికార్డవుతోంది, అని తొందరగా అన్నాడు. ఊరికే చెవిన పడ్డ అంకెలు అంతలా ఎలా గుర్తుండిపోయాయని అడిగాడు.

"అవి నా కొలతలండీ."

"అర్థం కాలేదమ్మా."

"ఈయన దగ్గరికి మొట్టమొదటిసారి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినప్పటి కొలతలు. అప్పటికింకా పెళ్ళి కాలేదు."

అవతలి మనిషి దగ్గాడు. ఆ దగ్గు జలుబుదో కాదో చెప్పడం కష్టం.

"పైకి అంటున్నారని తెలిసి కూడా మీరెందుకు వద్దనలేదు?"

"అనాల్సిందే. తప్పు నాదే." కాజాలమ్మ బల్ల మీద సుద్ద గీతని వేలితో తుడిచింది. "వినడానికి బాగుండేదండీ. ఈయన ఇంకెప్పుడూ అలాంటివి అనరు."

టేపాయన మెడలో టేపు రెండు చివర్లూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫోనులో ఆయన ఇంకేవో అడుగుతున్నాడు, కాజాలమ్మ చెబుతోంది. కార్డు ఎక్కడెక్కడ వాడారు, గుండీల షాపులోనే. చివరిసారి ఎప్పుడు, పోయిన వారం. అక్కడ కొత్తగా ఏమైనా జరిగిందా? కొత్తగా అంటే, కళ్ళజోడు పెట్టుకున్న కొత్తాయన ఉన్నాడు, పాతాయన సెలవు పెట్టాడట. కార్డు తీసుకుని బల్ల కింద ఏదో దాంట్లో ఒకసారి గీసి, ఇది పనిచెయ్యడం లేదని పైన ఉన్న మిషనులో పెట్టాడు. ఆ మాట దగ్గర అవతలి గొంతు ఆగి, బల్ల కిందా అని రెట్టించి అడిగింది. అవునండీ, బల్ల కిందే అంది ఆవిడ. సరేనమ్మా, మళ్ళీ చెబుతాం అని పెట్టేశాడు.

షాపులో ఇద్దరే మిగిలారు. కాజాలమ్మ తిట్టు కోసం ఎదురుచూసింది. వచ్చినా బాగానే ఉండేది.

"నీకు గుర్తున్నాయా అవి?" అన్నాడు టేపాయన.

"మర్చిపోతానా?"

"ఆ రోజు తప్పొచ్చిందని రెండుసార్లు కొలిచాను."

"తెలుసు. మొదటిసారే సరిగ్గా కొలిచారు."

ఆయన వెళ్ళి పాత మిషను ముందు కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కుట్టు మొదలుపెట్టాక గానీ చూసుకోలేదు, సూదిలో దారమే లేదు.

శనివారం మిషను దిగలేదు. టేపాయనే ఫోన్ చేసి ఇప్పుడొద్దులెండి అని చెప్పాడు. ఆ సాయంత్రం వేడినీళ్ళలో ముంచిన తువాలు పిండి కాజాలమ్మ ఆయన మోకాళ్ళకి చుట్టింది. ఆయన వద్దనలేదు. తప్పు నాదేనని ఆవిడ మరోసారి అనబోతే, చాల్లే, నోరు నాదైతే తప్పు నీదెలా అవుతుంది అన్నాడు. గుండీల షాపువైపు ఇంకెప్పుడూ వెళ్ళొద్దా అని ఆవిడ అడిగింది. గుండీలు లేకుండా చొక్కాలెలా కుడతానే అన్నాడు.

బ్యాంకు నుంచి పిలుపు వచ్చేసరికి మళ్ళీ మంగళవారమైంది. కౌంటర్లో ఆ అమ్మాయే ఉంది. ఈసారి లేచి నిలబడింది. గుండీల షాపులో కార్డు వాడిన ఇంకొంతమంది కూడా డబ్బు పోయిందని రాసిచ్చారట. వాళ్ళందరికీ మీదే తప్పని చెప్పి పంపేశారట కూడా. బల్ల కింద గీసిన సంగతి చెప్పింది మాత్రం కాజాలమ్మ ఒక్కతే. ఆ కళ్ళజోడాయన వీళ్ళ కార్డు గీసిన మర్నాడే పని మానేశాడని, షాపు యజమానికే అతను ఎక్కడుంటాడో తెలీదని తేలింది. కొందరి పిన్ను చూశాడు, కొందరిది విన్నాడు. అందరి డబ్బూ తిరిగి వేస్తున్నారు.

"పైకి అన్నందుకు మీ అర్జీ కొట్టేస్తారనుకున్నా అంకుల్. విచారణ చేసినాయన 'చెప్పలేదు, వినబడింది' అని రాశారు. దాంతో సరిపోయింది." తర్వాత కాజాలమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది."

"నువ్వన్నది సగం నిజమేగా అమ్మా" అంది కాజాలమ్మ. "నాకు తెలుసు మరి."

కొత్త కార్డు ఇచ్చి, అక్కడే ఉన్న మిషనులో కొత్త పిన్ను పెట్టుకోమంది అమ్మాయి. టేపాయన దానికోసం సిద్ధపడే వచ్చాడు. ఆ రోజు పొద్దున షాపు తెరవగానే, చాలా రోజులైంది, నీకో జాకెట్టు కుడతాను నిలబడు అన్నాడు. కాజాలమ్మ అలవాటు కొద్దీ రాసుకోవడానికి పెన్సిలు తీసుకుంటే అక్కర్లేదని చేత్తో సైగ చేశాడు. పెదాల మధ్య మూడు గుండుపిన్నులు బిగించి ఉన్నాయి. ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు, చూశాడు. నడుము చుట్టూ తిప్పాడు, చూశాడు. ఒక్క అంకె కూడా బయటికి రాలేదు. కళ్ళు మాత్రం పైకెత్తి, లోపల్లోపల అప్పజెప్పుకున్నాడు. ఇంక ఎప్పటికీ ఇంతే కాబోలు అనుకుంది ఆవిడ. మంచిదే అని తనకి తనే చెప్పుకుంది. కానీ ఏదో పోయినట్టే అనిపించింది.

ఇప్పుడు బ్యాంకులో కూడా చొక్కా పట్టీకి గుచ్చుకున్న గుండుపిన్నులు తీసి నోట్లో పెట్టుకున్నాడు. అదేమిటంకుల్ అంది అమ్మాయి. ఆయన నోరు మెదిపే స్థితిలో లేడు గనుక కాజాలమ్మే చెప్పింది, నోట్లో పిన్నులుంటే పిన్ను బయటికి రాదని. అమ్మాయి నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగింది. వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. కాజాలమ్మ బుద్ధిగా దూరం వెళ్ళి, గోడమీద వడ్డీల బోర్డు వైపు తిరిగి నిలబడింది. వెనక మీటలు నొక్కిన చప్పుడు నాలుగుసార్లు, ఆగి మళ్ళీ నాలుగుసార్లు వినబడింది. మాట మాత్రం వినబడలేదు.

బయటికి వచ్చి మెట్లు దిగారు. మోకాలి కోసం ఆయన ఒక్కో మెట్టు మీద ఆగి దిగుతుంటే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. కింది మెట్టు మీద ఆయన నోట్లోంచి పిన్నులు తీసి పట్టీకి గుచ్చుకున్నాడు. ఇటూ అటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు.

"అంకెలు కాస్త పెరిగాయి" అన్నాడు.

కాజాలమ్మకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ముఖమంతా వేడెక్కింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మెల్లగా అనండి" అంది.